వార్తల్లో పదం: తాత్కాలిక వైకల్య ప్రయోజనం

పనిలో గాయపడిన కార్మికుడు కోలుకునేదాకా, కోల్పోయిన వేతనానికి బదులుగా అందే నగదును తాత్కాలిక వైకల్య ప్రయోజనం అంటారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి రావడంతో ఈ మాట తరచూ వినిపిస్తోంది.

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పరిధిలోని కార్మికుడికి సగటు రోజు వేతనంలో 90 శాతం చెల్లిస్తారు. రోజుకు రూ.600 సంపాదించేవారికి రూ.540 అన్నమాట. పనిలో చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు వర్తిస్తుంది. ఈఎస్‌ఐ వైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరి. నెల వేతనం రూ.21,000 వరకు ఉన్నవారు ఈ పథకంలోకి వస్తారు.

ఈఎస్‌ఐ లేనివారికి నష్టపరిహార నిబంధనల కింద యజమానే చెల్లించాలి. పదిహేను రోజులకోసారి నెల వేతనంలో 25 శాతం చొప్పున, గరిష్ఠంగా అయిదేళ్లు ఇవ్వాలి.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, చిలకలూరిపేట నూలు మిల్లులు ఉన్న పల్నాడులో చెయ్యి విరిగితే ఇల్లు గడవని కుటుంబాలెన్నో. అందుకే ప్రమాదం జరిగిన వెంటనే యాజమాన్యానికి తెలిపి, ప్రమాదాల రిజిస్టరులో రాయించాలి. ఈఎస్‌ఐ కార్డు, చికిత్స కాగితాలు భద్రపరచుకోవాలి.