రాసిపెట్టుకో!

పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి ఆలయానికి వెళ్ళినవారు అక్కడి ఏకశిలా నందిని చూసే ఉంటారు. రాయలసీమలోని లేపాక్షిలో మరొక పెద్ద నంది ఉన్నది. ఆ లేపాక్షి నంది పేరుతోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 మొదలు చాలా సంవత్సరాలు మంచి చలనచిత్రాలకు బహుమానాలు ఇచ్చింది.

సినిమా బహుమానాల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఈసారి గెలుపు ఫలానా వారిదే. కావలిస్తే రాసిపెట్టుకో!" అంటారు. మీ ఇంట్లో బాబాయో, మామయ్యో ఈ మాట అనే ఉంటాడు. కాని పిల్లలూ, అన్నవారూ రాయరు, విన్నవారూ రాయరు. ఊహ తప్పితే అందరూ మరిచిపోతారు. నిజమైతే మాత్రం, "నేను ముందే చెప్పలేదూ?" అని మామయ్య పదిసార్లు గుర్తు చేస్తాడు. అందుకే ఆయన ఎప్పుడూ గెలిచినట్టే కనిపిస్తాడు!

ఇందులో ఒక మోసానికి కూడా తావున్నది. ఒక బహుమానానికి అయిదు పాటలు పోటీపడుతున్నాయనుకోండి. ఒక జోస్యుడు పిఠాపురంలో అయిదు వీధులకు వెళ్ళి, ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క పాట గెలుస్తుందని చెప్పాడనుకోండి. ఏదో ఒక పాట గెలవక తప్పదు కదా! నాలుగు వీధులవారు అతన్ని మరిచిపోతారు. అయిదో వీధివారు మాత్రం, "అబ్బ, ఎంత దివ్యదృష్టి!" అని శాలువా కప్పుతారు. మరుసటి ఏడు అతను జోస్యానికి డబ్బు అడిగినా ఇస్తారు. నిజానికి అతనికి తెలిసింది ఏమిటి? ఏమీ లేదు!

మరయితే గెలిచేదెవరో ఊహించటం ఒట్టి బూటకమేనా? కాదు. దానికీ ఒక లెక్క ఉన్నది. మన తెలుగు పాటతోనే ఆ లెక్క చేసి చూద్దాం.

2022లో వచ్చిన "ఆర్ ఆర్ ఆర్" చిత్రంలోని "నాటు నాటు" పాట మీకందరికీ తెలుసు. దాన్ని రాసినవారు చంద్రబోస్. సంగీతం కూర్చినవారు కీరవాణి. ఆయన గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరులో పుట్టారు. 2023లో ఈ పాట అమెరికాలో ఇచ్చే ఆస్కార్ బహుమానానికి పోటీపడింది. ముందు 15 పాటలను ఏరారు. వాటిలో అయిదింటిని చివరి పోటీకి నిలిపారు. తక్కిన నాలుగింటిలో లేడీ గాగా, రిహానా వంటి జగత్ప్రసిద్ధ గాయనుల పాటలున్నాయి.

కళ్ళు మూసుకుని ఒక పేరు మీద వేలు పెడితే, అది నిజమయ్యే అవకాశం అయిదింట ఒకటి. అంటే పదింట రెండు. "మన పాట కనుక తప్పక గెలుస్తుంది" అనటం కోరిక అవుతుంది గాని, లెక్క కాదు. రిహానాను అభిమానించేవారు కూడా అలాగే అనుకుంటారు కదా!

ఇప్పుడు ఒక గుర్తు వెతుకుదాం. ఆస్కార్ కన్న ముందే గోల్డెన్ గ్లోబ్ అనే బహుమానం ఇస్తారు. 2013 నుంచి 2022 వరకు పదేళ్ళూ వరసగా చూస్తే, గ్లోబ్ పొందిన పాటకే ఆస్కార్ కూడా వచ్చిన ఏళ్ళు ఏడు. తప్పిన ఏళ్ళు మూడు: 2014, 2018, 2021. మీలో చాలామందికి ఇష్టమైన "ఫ్రోజెన్" చిత్రంలోని "లెట్ ఇట్ గో" పాటకు 2014లో గ్లోబ్ రాలేదు, ఆస్కార్ వచ్చింది. 2018లో "కోకో" చిత్రంలోని "రిమెంబర్ మీ" పాటకూ అలాగే జరిగింది.

"నాటు నాటు"కు 2023 జనవరి 10న గ్లోబ్ వచ్చింది. దానితో పదింట రెండుగా ఉన్న అవకాశం పదింట ఏడుకు పెరిగిందన్నమాట!

అయిదు రోజుల తరవాత, సినిమా విమర్శకులు ఇచ్చే క్రిటిక్స్ చాయిస్ బహుమానం కూడా ఈ పాటకే వచ్చింది. ఇది రెండో గుర్తు. ఆ పదేళ్ళలో ఈ రెండు బహుమానాలనూ మరొక పాటతో పంచుకోకుండా ఒకే పాట గెలిచిన ఏళ్ళు 2013, 2015, 2017, 2019, 2022. ఆ అయిదేళ్ళలోనూ ఆస్కార్ ఆ పాటకే వచ్చింది.

"ఇంకేం, పదికి పది!" అంటారేమో. తొందరపడకండి. అయిదు చాలా చిన్న లెక్క. నాణెం ఎగరేస్తే వరసగా అయిదుసార్లూ బొమ్మే పడటం కూడా అప్పుడప్పుడు జరుగుతుంది. కనుక తెలివిగలవాడు, "పదింట ఎనిమిది" అని ఊరుకుంటాడు. లాస్ ఏంజిలిస్‌లో మార్చి 12 రాత్రి, మనకు 13వ తేదీ ఉదయం, ఫలితం చెప్పారు. గెలిచింది "నాటు నాటు"!

ఈ గుర్తులు ఎందుకు పనిచేస్తాయి? ఒకే ఇంటివాళ్ళు తాపేశ్వరం కాజా బాగుందంటే, అది వాళ్ళ ఇంటి రుచి కావచ్చు. ఒకరినొకరు ఎరగని మూడు ఊళ్ళవాళ్ళు అంటే, బాగున్నది కాజాయే అని నమ్మవచ్చు. గ్లోబ్ ఇచ్చేది పత్రికా రచయితలు. క్రిటిక్స్ చాయిస్ ఇచ్చేది విమర్శకులు. ఆస్కార్‌కు ఓటు వేసేది సినిమా పనిలోనే ఉన్న వేలమంది నటులు, సంగీతజ్ఞులు, దర్శకులు, ఇతర పనివారు. వేర్వేరు మనుషులకు ఒకే పాట నచ్చితే, దానిలో బలం ఉన్నట్టే. ఆ మనుషులు వేరు కనుకనే గుర్తులు ఒక్కొక్కప్పుడు తప్పుతాయి కూడా.

2017లో అలాగే అయింది. "లా లా ల్యాండ్" అనే చిత్రం 14 ఆస్కార్ పోటీలలో నిలిచింది. ఉత్తమ చిత్రం అదేనని చాలామంది ఊహించారు. వేదిక మీద దాని పేరే చదివారు కూడా! తీరా చూస్తే, చదివేవారి చేతికి వేరే బహుమానం తాలూకు కవరు అందింది. నిజంగా గెలిచింది "మూన్‌లైట్". పదింట ఎనిమిది అంటే, రెండుసార్లు తప్పుతుందని కూడా అర్థం. ఆ రెండుసార్లలో అదొకటి.

కొన్ని బహుమానాలకు గుర్తులు దొరకటమే కష్టం. నంది బహుమానాలను కొద్దిమంది సభ్యుల సంఘం కూర్చుని నిర్ణయించేది. వేలమంది ఓట్లు ఉండవు. అటువంటి చోట, "పదింట మూడు" అనటానికి సిగ్గుపడనక్కరలేదు. ఎంత తెలుసో అంతే చెప్పటం కూడా తెలివే.

ఇప్పుడు మీరు ఒక పని చెయ్యండి. ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. సినిమా బహుమానమే కానక్కరలేదు. బడిలో ఖోఖో పోటీ కావచ్చు, రేపు వాన వస్తుందా రాదా అన్నది కావచ్చు. ఫలితం రాకముందే తేదీ వేసి, మీ ఊహ, దాని పక్కన పదింట ఎన్ని పాళ్ళ నమ్మకమో రాయండి. డబ్బు పందెం మాత్రం వద్దు. పందెంలో డబ్బు పోతుంది, లెక్క రాదు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత కూడా ఒక పేజీ రాయించండి.

ఊహలు చాలా పోగయిన తరవాత, "పదింట ఏడు" అని రాసినవన్నీ ఒకచోట చేర్చండి. వాటిలో సుమారు ప్రతి పదింటికీ ఏడు నిజమైతే, మీకు ఊహించటం వచ్చినట్టే. పదీ నిజమైతే మీరు మరీ జంకుతున్నారన్నమాట. నాలుగే నిజమైతే గొప్పలు చెబుతున్నారన్నమాట!

ఈసారి మామయ్య "రాసిపెట్టుకో!" అంటే, నవ్వుతూ నోటుబుక్కు తెరిచి, "చెప్పండి మామయ్యా, పదింట ఎన్ని?" అని అడగండి.