ఎత్తు మీద ఆగిన బండికి రెండు సెకన్లే కీలకం
ట్రాక్టరు నడిపే రైతులు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

పల్లికాయ లోడుతో చేను నుంచి బయలుదేరిన ట్రాక్టరు కాలువ కట్ట ఎక్కుతోంది. సగం ఎక్కేసరికి పైన మరో బండి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కి ఆపాడు. అడ్డం తొలగింది. ఇక కదలాలి. ఎడమ కాలు క్లచ్చి మీద ఉంది, కుడి కాలు బ్రేకు మీద ఉంది. ఆక్సిలేటరు తొక్కడానికి మూడో కాలు లేదు. బ్రేకు మీది కాలు తీసి ఆక్సిలేటరు మీద పెట్టేలోగా బండి వెనక్కి ఉరుకుతుంది.

గద్వాల వైపు జూరాల, నెట్టెంపాడు కాలువలు, వనపర్తి వైపు జూరాల ఎడమ కాలువ, నాగర్‌కర్నూల్ వైపు కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు ఉన్నాయి. వీటికి తోడు ఊరూరా చెరువు కట్టలు. కట్ట ఎక్కి దిగకుండా చాలా మందికి పంట ఇంటికి చేరదు. కాబట్టి ఈ ఇబ్బంది ట్రాక్టరు పట్టిన ప్రతి రైతుకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

బండి ఎందుకు జారుతుంది?

పది అడుగుల దూరానికి అడుగు ఎత్తు లేచే దారి అనుకుందాం. అటువంటి చోట బండి బరువులో సుమారు పదో వంతు దాన్ని వెనక్కి లాగుతుంది. ట్రాక్టరు, ట్రాలీ, సరుకు కలిపి 6 టన్నులుంటే దాదాపు 600 కిలోల లాగుడు అన్నమాట. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి వెనక చక్రాలకే బ్రేకులుంటాయి. చాలా ట్రాలీలకు అసలు బ్రేకులే ఉండవు. ట్రాలీని ఆపవలసింది కూడా ట్రాక్టరే.

కొత్త బండ్లలో ఏముంది?

ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో, కొన్ని సరుకు బండ్లలో ఇందుకోసం ఒక ఏర్పాటు ఉంది. దీన్ని హిల్ అసిస్ట్ అంటారు. బండి ఎత్తు మీద ఆగిందని యంత్రమే కనిపెడుతుంది. డ్రైవరు బ్రేకు మీది కాలు తీసినా రెండు మూడు సెకన్ల పాటు బ్రేకును తానే పట్టి ఉంచుతుంది. ఇంజను లాగుడు చక్రాలకు అందగానే వదిలేస్తుంది. కాలు మార్చుకోవడానికి డ్రైవరుకు ఆ కాస్త సమయం చాలు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1936లోనే అమెరికాలో స్టూడీబేకర్ కంపెనీ తన కార్లలో ఇటువంటిది పెట్టింది. ఎత్తు మీద ఒక చిన్న గుండు దొర్లి బ్రేకు ఆయిలు వెనక్కి పోకుండా అడ్డుపడేది. క్లచ్చి వదలగానే దారి తెరుచుకునేది. ఎడ్ల బండి ఎత్తు మీద ఆగితే చక్రం వెనక రాయి పెట్టే మన పాత పద్ధతిలోని కిటుకు కూడా ఇదే.

అయితే ఇది హ్యాండ్ బ్రేకుకు బదులు కాదు. ఆ రెండు మూడు సెకన్లు దాటితే బండి జారుతుంది. అరిగిన బ్రేకులకు, తడిసిన నల్లరేగడిలో జారే టైర్లకు ఇది చేయగలిగింది తక్కువ.

ట్రాక్టరుకు మనమే చేసుకోవాలి

మన పొలాల్లో తిరిగే మామూలు ట్రాక్టర్లకు ఈ సౌకర్యం లేదు. కాని వాటికి చేతి ఆక్సిలేటరు ఉంది. మూడో కాలు పని అదే చేస్తుంది. ఈ వరుస పాటించాలి:

1. కట్ట ఎక్కకముందే రెండు బ్రేకు పెడళ్లను కొండీతో కలపాలి. విడిగా ఉంటే ఒక చక్రమే ఆగి బండి పక్కకు తిరుగుతుంది.

2. లో గేరు కింది నుంచే వేసుకోవాలి. ఎత్తు మధ్యలో గేరు మార్చరాదు.

3. ఆగవలసి వస్తే క్లచ్చి, బ్రేకు పూర్తిగా తొక్కి పట్టాలి. చేతి ఆక్సిలేటరు కొద్దిగా పెంచాలి.

4. క్లచ్చి మెల్లమెల్లగా వదలాలి. ఇంజను చప్పుడు బరువెక్కి, బండి ముందుకు గుంజుతున్నట్లు తెలిశాకే బ్రేకు వదలాలి.

బండి వెనక్కి జోరందుకున్నాక క్లచ్చి ఒక్కసారిగా వదిలినా, బ్రేకు గట్టిగా తన్నినా ముందు టైర్లు గాలిలోకి లేస్తాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడటానికి సెకను చాలు. అందుకే అది కదలకముందే పట్టాలి. ట్రాలీని ఎప్పుడూ కింది హుక్కుకే తగిలించాలి. పైన తగిలిస్తే తిరగబడే ప్రమాదం ఎక్కువ.

తుమ్మ మొద్దును ఏటవాలుగా చెక్కించి, తాడు కట్టి ట్రాలీలో ఉంచుకోండి. ఖర్చు లేని పని. చక్రం వెనక పెట్టే మనిషి పక్కనే నిలబడాలి గాని ట్రాలీ వెనక నిలబడరాదు. బండి కదిలాక తాడుతో లాగేసుకోవచ్చు.

దిగేటప్పుడు

ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే బండి చేతికి చిక్కదు. అమ్రాబాద్, పదర వైపు నుంచి మన్ననూరు ఘాట్ మీదుగా అచ్చంపేటకు సరుకు తెచ్చే రైతులు ఇది మరువరాదు.

కిరాయి బండి అయితే

సొంత ట్రాక్టరు లేని చిన్న రైతు కూడా చేయగలిగింది ఉంది. కిరాయి మాట్లాడేటప్పుడే బ్రేకుల సంగతి అడగాలి. ఒక ట్రిప్పు మిగులుతుందని ట్రాలీ నిండా ఎత్తించకుండా, ఎత్తు కట్ట ఉన్న చోట రెండు ట్రిప్పులు చేయించాలి. ఇరుగుపొరుగు రైతులు కలిసి, కట్ట ఎక్కే దారిని వేసవిలోనే ఏటవాలుగా సరిచేసి మొరం పోయించుకుంటే వానకాలం నిశ్చింత. కాలువ కట్టను మాత్రం అధికారులకు చెప్పకుండా తవ్వరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనుషుల సంగతి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి పది మందికి పైగా చనిపోయారు. ట్రాలీ సరుకు కోసం చేసింది, మనుషుల కోసం కాదు. పత్తి ఏరే ఆడవాళ్లు, పల్లి పీకే కూలీలు అలవాటుగా ఎక్కి కూర్చుంటారు. కనీసం కట్ట వచ్చిన చోటైనా వాళ్లను దించి, నడిచి ఎక్కమని చెప్పండి. బండి పైకి చేరాక మళ్లీ కలుసుకోవచ్చు. పోయేది ఐదు నిమిషాలే.