పోయినవారి పీఎఫ్‌లో సగం పన్నుకే పోతుందా?

“ఆ పీఎఫ్ డబ్బు తీస్తే సగం ట్యాక్స్‌కే పోతుందట!” సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటి పెద్ద పోయాక దినాలు గడవకముందే ఇలాంటి మాటలు వినిపిస్తాయి. అందులో నిజం లేదు.

మన దేశంలో వారసత్వపు పన్ను లేనే లేదు. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. సభ్యుడు చనిపోతే కుటుంబానికి అందే పీఎఫ్ సొమ్ముకు, ఎన్‌పీఎస్‌లో నామినీకి వచ్చే మొత్తానికి ఆదాయపు పన్ను పడదు. మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి ఇళ్లలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. ఉద్యోగంలో ఉండగానే మనిషి పోతే, పీఎఫ్‌కు తోడు ఈడీఎల్ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది.

“నామినీని నేనే, డబ్బు నాదే” అన్నది మరో అపోహ. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టేది ఇదే. షేర్ల విషయంలో నామినీ వారసుల హక్కును తోసిపుచ్చలేడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పీఎఫ్‌లో మెలిక వేరు. పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. కొత్తది ఆన్‌లైన్‌లోనే రాసుకోవచ్చు. అయినా ఆ పని వాయిదా వేసే కొడుకులు ఎందరో! తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది భార్యే.

భర్త పెన్షన్‌కు, భార్యకొచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కు పన్ను లెక్క ఒకటేననుకోవడమూ పొరపాటే. కొత్త పన్ను విధానంలో భర్తకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంటే, భార్యకు దక్కేది పెన్షన్‌లో మూడో వంతు లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది. ఇది అన్యాయమే. 2024 బడ్జెట్‌కు ముందు ఆ పరిమితి 15 వేలే. మహావీర చక్ర గ్రహీతల కుటుంబ పెన్షన్‌కు మాత్రం పన్ను మొత్తం మినహాయింపే. 2020లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుకు ఆ పతకం మరణానంతరం దక్కింది.

ఇక అమెరికాలో ఉద్యోగాలు చేసే మన పిల్లల 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఖాతాలు. 2020లో అమల్లోకి వచ్చిన సెక్యూర్ చట్టం ప్రకారం భార్యాభర్తలు కాని వారసులు చాలావరకు పదేళ్లలో ఖాతా ఖాళీ చేయాలి. దీన్ని విని, కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు తమకూ అదే గడువనుకుంటారు. కాదు. ఖాతాదారు కన్నా వయసులో పెద్దవారికి, పదేళ్లకు మించి చిన్నవారు కాని తోబుట్టువులకు ఆ నిబంధన వర్తించదు. వాళ్లు తమ ఆయుర్దాయం లెక్కన ఏటా కొంత తీసుకోవచ్చు. ఖాతాదారు చిన్న వయసులో పోయినా, ముందస్తుగా తీస్తే వేసే 10 శాతం జరిమానా వారసులపై పడదు. ఆదాయపు పన్ను మాత్రం తప్పదు. అమెరికా బయట ఉన్న వారసులకు పంపేటప్పుడు అక్కడే మామూలుగా 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. అందుకే మొత్తం ఒకేసారి తెప్పించుకునే ముందు రెండు దేశాల పన్ను ఒప్పందం తెలిసిన ఆడిటర్‌ను అడగాలి. ఏటా తీసుకునే పద్ధతి ఎంచుకుంటే, మొదటి వాయిదాకు గడువు ఖాతాదారు మరణించిన మరుసటి ఏడాది డిసెంబరు 31.