నీళ్లు వడకట్టిన ప్రేమ

నారికురుపు అనే మాట నేటి పిల్లలకు తెలియదు. రాయలసీమ పల్లెల్లో దిగుడుబావుల నీళ్లు తాగి పెరిగిన పెద్దలకు మాత్రం బాగా గుర్తుంటుంది. కాలి మీద పొక్కు లేస్తుంది, అది పగిలి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. పొడవు రెండు మూడడుగులు. గట్టిగా లాగితే తెగుతుంది, తెగితే లోపల చీము పడుతుంది. అందుకే చిన్న పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్తగా తీయాలి. అలా వారాలు పడుతుంది. 1996 తర్వాత మన దేశంలో ఈ జబ్బు కనబడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువీకరించింది. ఆఫ్రికా పల్లెల్లో మాత్రం ఆ పోరాటం ఇంకా ముగియలేదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులను బాధించిన తాపకరమైన సర్పాలు (సంఖ్యా 21) ఈ పురుగులేనని వాదించిన పండితులున్నారు. ఆ వాదన మనకంతగా రుచించదు. సర్పాలు కరిచి చాలామంది చనిపోయారని వాక్యం చెబుతోంది. నారికురుపు ప్రాణం తీయడం అరుదు. అది మనిషిని మంచాన పడేస్తుంది, అదీ విత్తనాల వేళకో కోతల వేళకో. తండ్రి పడితే పొలం బీడవుతుంది, తల్లి పడితే పిల్లలు బడి మానేస్తారు.

దీనికి మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. పొక్కు మంట భరించలేక రోగి చెరువులో కాలు పెడతాడు. నీళ్లు తగలగానే పురుగు లక్షల పిల్లలను వదులుతుంది. కంటికి ఆనీ ఆనని సైక్లాప్స్ అనే నీటిపురుగు వాటిని మింగుతుంది. ఆ నీళ్లు తాగిన ఇరుగుపొరుగు ఏడాది తర్వాత మంచమెక్కుతారు.

1986లో ఆఫ్రికా, ఆసియాల్లోని 21 దేశాల్లో దాదాపు 35 లక్షల మంది ఈ బాధ పడుతున్నారని అంచనా. ఆ ఏడాదే అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ ఈ పనికి పూనుకొంది. సొంత ఊరి బాప్టిస్టు సంఘంలో ఏళ్ల తరబడి సండేస్కూలు పాఠం చెప్పిన విశ్వాసి ఆయన. 1988లో ఘనాలోని ఒక పల్లెలో ఒక స్త్రీ బిడ్డను ఎత్తుకొని ఉందనుకొని పలకరించబోయారు. దగ్గరికెళ్తే బిడ్డ లేదు. వాచిపోయిన తన రొమ్మును చేతులతో పట్టుకొని ఉంది, అందులోంచి పురుగు బయటికొస్తోంది. ఈ సంగతిని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. 1995లో సుడాన్ అంతర్యుద్ధంలో ఇరుపక్షాలతో మాట్లాడి, ఆరోగ్య కార్యకర్తలు పల్లెలకు చేరేలా కాల్పులు ఆపించారు. అది దాదాపు ఆరు నెలలు నిలిచింది.

అయితే గెలిచింది పెద్దవాళ్ల వల్ల మాత్రమే కాదు. ఊరి మనుషులే ఇంటింటికీ తిరిగి సన్నని గుడ్డలో నీళ్లు వడకట్టడం నేర్పారు. పొలాలకూ పశువుల వెంటా వెళ్లేవారు మెడలో వడపోత గొట్టం వేలాడదీసుకొని దానితోనే నీళ్లు పీల్చారు. 1989లో ఘనాలో రోగులు 1,80,000 దాకా ఉండేవారు. 2010 తర్వాత ఒక్కరూ లేరు.

యెరికోలో ఎలీషా ఉప్పు వేయగానే నీళ్లు బాగయ్యాయి (2 రాజులు 2). మనం ప్రార్థనలో అడిగేది అలాంటి అద్భుతాన్నే, అడగాలి కూడా. కానీ ఘనా చెరువుగట్టున జరిగినదాన్ని కాస్త ఆగి చూద్దాం. కాలు నిప్పులా మండుతోంది, ఎదురుగా చల్లని నీళ్లున్నాయి. దిగకుండా ఆగితే ఆ రోగి నొప్పి ఇసుమంత తగ్గదు. మేలంతా వచ్చే ఏడాది ఆ నీళ్లు తాగేవారికే. వారిలో తనకు పడనివారూ ఉండవచ్చు. పొరుగువానిని ప్రేమించడం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేసినా ఇంత చక్కని ఉదాహరణ దొరకలేదు.

2024లో ప్రపంచం మొత్తంలో 15 మందికే ఈ జబ్బు వచ్చింది. చివరి పురుగు తనకంటే ముందే చావాలని కోరుకున్న కార్టర్ ఆ ఏడాది డిసెంబరు 29న నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఇప్పుడు చిక్కంతా కుక్కలతో వచ్చింది. చాడ్ దేశంలో వందల కుక్కల్లో ఇదే పురుగు బయటపడుతోంది. అక్కడి నదీతీర పల్లెల్లో జనం కుక్కలను నీళ్ల దగ్గరికి పోకుండా కట్టేసి, చేపల పేగులను వాటికి అందకుండా గుంట తీసి పూడ్చిపెడుతున్నారు.