జానెడు ఇంజన్‌కు అసలు గొంతు

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పేరు వినగానే ఎవరికైనా పోటీ పరీక్షలు స్ఫురిస్తాయి. బత్రా సినిమా పేరుతో పిలిచే కూడలి చుట్టూ శిక్షణ సంస్థల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు. వాటి వెనుక సందులలో, ఒక్కొక్క అంతస్తును పలుచని అడ్డుగోడలతో విడగొట్టి అద్దెకిచ్చే గదులు. పక్కవాడు పుస్తకం పేజీ తిప్పితే ఇవతల వినిపించే చోటది. అటువంటి గదిలో మంచం కింద అట్టపెట్టెలో ఒక చిన్న రైలింజన్‌ను దాచుకుని, చదువు ముగిసిన తరువాత బల్లమీద పట్టాలు పరచి నడిపించుకోదలచిన వ్యక్తిని ఊహించుకోండి. అతనికి కావలసినది ఆటబొమ్మ కాదు. కాజీపేటలోనో, గుంతకల్లులోనో, వాల్తేరులోనో చిన్ననాట ప్లాట్‌ఫారం మీద నిలబడి, గుండెలదిరేటట్లు విన్న డీజిల్ ఇంజన్. రూపం ఒక్కటే చాలదు. గొంతు కూడా కావాలి.

ఈ కోరిక వెనుక తొందర కూడా ఉన్నది. 2025 నాటికి భారతీయ రైల్వేల బ్రాడ్‌గేజ్ మార్గాలలో 98 శాతానికి మించి విద్యుదీకరణ జరిగిపోయింది. డీజిల్ ఇంజన్లకు పుట్టినిల్లయిన వారణాసి కర్మాగారంలోనే ఒక డీజిల్ ఇంజన్‌ను విద్యుత్ ఇంజన్‌గా మార్చి 2019 ఫిబ్రవరిలో పట్టాలెక్కించారు. ఒకప్పుడు ఊరికి రెండు మైళ్ల దూరం నుంచే రైలు రాకను తెలియజేసిన ఆ ధ్వని నేడు వెదికి వినవలసిన స్థితికి వచ్చింది. చాణక్యపురిలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియానికి వెళితే పాత ఇంజన్లను దగ్గరగా చూడవచ్చు, మెట్లు, బోగీలు, రివెట్లు లెక్కపెట్టవచ్చు. కాని కొయ్యబారి నిలబడిన ఇంజన్ మాట్లాడదు.

కనుక నమూనా కొనదలచినవారు ముందుగా నిశ్చయించుకోవలసినది ఏ కంపెనీ సరుకు కొనాలని కాదు, ఎవరి గొంతు కావాలని. మన దేశంలో డీజిల్ అనగానే చెవిలో మెదిలే ధ్వని చాలామందికి డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజన్‌దే. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపకల్పన చేసిన ఈ ఇంజన్లు 1962లో మన దేశానికి వచ్చాయి. 1964 జనవరి నుంచి వారణాసిలో తయారయ్యాయి. విచిత్రమేమిటంటే, ఆల్కో 1969లో రైలింజన్ల తయారీకి స్వస్తి చెప్పింది. అమెరికాలో ఆరిపోయిన పొయ్యి వారణాసిలో ఆ తరువాత దశాబ్దాల తరబడి మండుతూనే ఉన్నది. 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ తొలి సంవత్సరాలలో ఢిల్లీకి తెలుగువారిని చేరవేసినది డీజిల్ ఇంజన్లే.

ఈ ఇంజన్‌లో పదహారు సిలిండర్లు. శక్తి 2600 అశ్వశక్తులు. నాలుగు స్ట్రోకుల యంత్రం కాబట్టి ప్రతి సిలిండర్ రెండు చుట్లకొకసారి పేలుతుంది. అంటే చుట్టుకు ఎనిమిది పేలుళ్లు. ఐడిల్‌లో నిమిషానికి 400 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 53 పేలుళ్లు, పూర్తి శక్తితో 1000 చుట్లు తిరిగేటప్పుడు 133. ఇంత వేగంగా జరిగేవాటిని చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు. ఒక గంభీరమైన మంద్రస్వరంగా వింటుంది. మరి స్టేషనులో నిలిచిన ఇంజన్ ‘డుగుడుగు’మని ఊగినట్లు ఎందుకు వినిపించేది? సిలిండర్లన్నీ అచ్చుగుద్దినట్లు ఒకే తీరున పనిచేయవు. ఒకదానికీ మరొకదానికీ ఉండే స్వల్పభేదం ప్రతి రెండు చుట్లకూ పునరావృతమవుతుంది. నిమిషానికి 400 చుట్లంటే సెకనుకు మూడుసార్లకు పైగా. ఆ తూగే ఆల్కో సంతకం.

గొంతులో పోలికలున్నా మీటర్‌గేజ్ తమ్ముడి సంగతి వేరు. సికింద్రాబాద్–ద్రోణాచలం, గుంటూరు–గుంతకల్లు, పాకాల–ధర్మవరం మార్గాలు మీటర్‌గేజ్‌గా ఉన్నకాలం ఎరిగినవారికి వై.డి.ఎం.-4 గుర్తుండే ఉంటుంది. అదే 251 వంశానికి చెందిన యంత్రం, కాని సిలిండర్లు ఆరే, అవీ ఒకే వరుసలో. ఐడిల్‌లో సెకనుకు ఇరవై పేలుళ్లు మాత్రమే. అందుకే దాని చప్పుడు మందకొడిగా, దెబ్బ వెంట దెబ్బగా వినబడేది. ఇక 1999లో మన దేశానికి వచ్చిన డబ్ల్యూ.డి.జి.-4 జనరల్ మోటార్స్ వంశానిది. అందులోనూ సిలిండర్లు పదహారే. అయితే అది రెండు స్ట్రోకుల యంత్రం, చుట్టుకు పదహారు పేలుళ్లు. నిమిషానికి 900 చుట్ల వద్ద సెకనుకు 240. దాని గొంతు తూగదు. ఒకే బిగువున మోగుతుంది. ఈ మూడింటినీ ‘డీజిల్ శబ్దం’ అనే ఒకే పేరుతో అమ్మే నమూనాకు దూరంగా ఉండడం మంచిది.

ఇంత చిన్న నమూనాలోకి ఆ ధ్వని ఎలా ప్రవేశించింది? పూర్వపు పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తును పెంచితే బండి వేగం పెరిగేది, తగ్గిస్తే ఆగేది. బండి ఆగిందంటే పట్టాలలో విద్యుత్తు లేనట్లే, శబ్దమూ లేనట్లే. అసలు డీజిల్ స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది ఆగినప్పుడే మనకు బాగా వినిపిస్తుంది. 1980 దశకం చివర జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతిని అమెరికా నమూనా రైళ్ల సంఘం 1990 దశకంలో ప్రమాణంగా స్వీకరించిన తరువాత ఈ చిక్కు విడిపోయింది. పట్టాలలో విద్యుత్తు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. దానితోపాటే ఆజ్ఞలు ప్రయాణిస్తాయి. ఇంజన్ పొట్టలో ఉన్న డీకోడర్ అనే చిన్న పలక తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞను గ్రహించి మోటారును నడుపుతుంది, దీపాలు వెలిగిస్తుంది, తనలో భద్రపరచిన ధ్వనులను వినిపిస్తుంది. ఆ ధ్వనులు అసలు ఇంజన్ దగ్గర, ఒక్కొక్క నాచ్‌లో విడివిడిగా రికార్డు చేసినవి.

అసలైన పరీక్ష ఇక్కడే ఉన్నది. దుకాణంలో అమ్మేవాడు హారన్ మోగించి చూపిస్తాడు, గంట మోగించి చూపిస్తాడు, కొనేవాడు మురిసిపోతాడు. ఆ మురిపెం పక్కన పెట్టి, బండిని కదిలించమని అడగాలి. డీజిల్ ఇంజన్ శబ్దం వేగాన్ని అనుసరించదు, భారాన్ని అనుసరిస్తుంది. ఇరవై పెట్టెల బండిని లాగే డ్రైవరు నాచ్‌లు ఎక్కించినప్పుడు యంత్రం ముందుగా గర్జిస్తుంది, నల్లని పొగ ఎగజిమ్ముతుంది, కొంత వెనుకగా టర్బో ఈల అందుకుంటుంది. చక్రాలు మాత్రం అప్పుడే బద్ధకంగా కదలడం మొదలుపెడతాయి. అదే బండి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పల్లంలో పోతున్నప్పుడు డ్రైవరు శక్తి తగ్గిస్తే యంత్రం ఐడిల్‌లో గుసగుసలాడుతూ పోతుంది. చవుక నమూనాలలో వేగం పెరిగిన కొద్దీ శబ్దం పెరుగుతుంది, తగ్గిన కొద్దీ తగ్గుతుంది. అది మోటారు సైకిలు నడక గాని రైలు నడక కాదు. మంచి డీకోడర్‌లో నాచ్‌ను వేగంతో నిమిత్తం లేకుండా పెంచడానికీ తగ్గించడానికీ ఏర్పాటు ఉంటుంది. శబ్దం ముందు, కదలిక తరువాత రావాలి. ఈ ఒక్క లక్షణం లేనిచో మిగిలిన హంగులెన్ని ఉన్నా ప్రయోజనం లేదు.

డీకోడర్ల విషయంలో రెండు పేర్లు తరచు వినిపిస్తాయి. అమెరికాలోని సౌండ్‌ట్రాక్స్ సంస్థ వారి సునామీ-2 రకం పలకలలో ఒకే వంశానికి చెందిన అనేక యంత్రాల ధ్వనులు ముందే నింపి ఉంటాయి. ఆల్కో పలక కొంటే 251 యంత్రాన్ని ఎంచుకోవచ్చు. జర్మనీకి చెందిన ఇ.ఎస్.యు. వారి లోక్‌సౌండ్‌లో ధ్వనులను కొన్నవారే చెరిపి, వేరే ధ్వనులు ఎక్కించుకోవచ్చు. అందుకు ప్రత్యేకమైన పరికరం ఒకటి కొనవలసి ఉంటుంది. మన ఇంజన్ కోరేవారికి ఈ రెండవ సదుపాయమే విలువైనది. ఎందుకంటే దుకాణంలో దొరికే ఆల్కో నమూనాలు దాదాపు అన్నీ అమెరికావి. యంత్రం గొంతు సరిపోతుంది, హారన్ సరిపోదు. అమెరికా ఇంజన్ ఐదు స్వరాలు కలిపి ఊదుతుంది, స్టేషను సమీపిస్తే గంట కొడుతుంది. కాజీపేట షెడ్డు పేరు రాసుకున్న ఇంజన్ గంట కొట్టుకుంటూ వస్తే నవ్వు వస్తుంది.

శరీరం విషయంలోనూ రాజీ తప్పదు. ప్రచారంలో ఉన్న హెచ్.ఓ. పరిమాణం అసలులో 87వ వంతు. 17.12 మీటర్ల డబ్ల్యూ.డి.ఎం.-2 ఈ లెక్కన 19.7 సెంటీమీటర్లు, అంటే జానెడు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. హెచ్.ఓ. పట్టాల మధ్య ఎడం మాత్రం 16.5 మిల్లీమీటర్లు, అది అమెరికా, ఐరోపాల గేజ్‌కు తగినది. కాబట్టి మన ఇంజన్ నమూనా ఏదైనా సన్నని పట్టాలపై కాళ్లు ముడుచుకున్నట్లు నిలబడుతుంది. పట్టింపు గలవారు దీనితో ఏళ్ల తరబడి మథనపడతారు. ఆ మథనం అనవసరం. బల్ల ఎత్తున చూసే కంటికి ఆ తేడా నాలుగు రోజులలో అలవాటవుతుంది, తప్పు గొంతు మాత్రం చెవికి అలవాటు కాదు. సొంతంగా పైతొడుగు తయారుచేసుకునే నేర్పున్నవారు దాని కింద అమర్చడానికి ఆల్కో సి-628 వంటి అమెరికా నమూనాను పరిశీలించవచ్చు. దానిలోనూ పదహారు సిలిండర్ల 251 యంత్రమే, బోగీలకు మూడేసి ఇరుసులే.

ఇక స్పీకర్. ఉంగరపు వేలి గోరంత స్పీకర్ నుంచి సెకనుకు 53 కంపనాల మంద్రస్వరం ఏ విధంగానూ రాదు. అది రాదని తెలిసి కూడా ‘బాస్’ కోసం డబ్బు తగలేసేవారున్నారు. అదృష్టవశాత్తు మనిషి చెవి దయగలది. మూలస్వరం లేకపోయినా దాని గుణిజాలైన పై స్వరాలు సక్రమంగా వినిపిస్తే, లేని మూలస్వరాన్ని మెదడు తానే పూరించుకుంటుంది. చిన్న రేడియోలో మృదంగం మృదంగంగానే వినిపించడం ఇందువల్లనే. పైగా ఆల్కో తూగు స్వరం హెచ్చుతగ్గులలో ఉన్నది కాబట్టి చిన్న స్పీకర్‌లోనూ చెక్కుచెదరదు. చేయవలసినదల్లా స్పీకర్ వెనుక భాగాన్ని గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగించడం. లేకపోతే ముందు నుంచి వచ్చే తరంగాలూ వెనుక నుంచి వచ్చేవీ ఒకదానినొకటి రద్దుచేసుకుని శబ్దం పీలబారుతుంది. ఖరీదైన స్పీకర్‌ను ఊరికే వేలాడదీయడం కన్న, మామూలు స్పీకర్‌ను చక్కగా మూసి బిగించడం మేలు.

శబ్దం ఎంత ఉండాలి? ముఖర్జీ నగర్ గదికి ఈ ప్రశ్న ప్రాణప్రదమైనది. బల్లకు ఒక మీటరు దూరంలో కూర్చున్నవారు నమూనా లెక్కలో ఇంజన్‌కు 87 మీటర్ల దూరంలో ఉన్నట్లు. అంత దూరం నుంచి ఐడిల్‌లో ఉన్న ఇంజన్ ఎంత వినబడుతుందో అంతే చాలు. కొత్త నమూనాలు చాలావరకు చెవులు హోరెత్తే స్థాయిలో వస్తాయి. డీకోడర్‌లో సగానికి, అవసరమైతే పావుకు తగ్గించుకోవాలి. అడ్డుగోడకు అవతల ఒకరు రాజ్యాంగ అధికరణాలు వల్లెవేసుకుంటున్నప్పుడు ఈ తగ్గింపు మర్యాద కూడా. శబ్దం తగ్గించిన కొద్దీ దూరపు రైలు మరింత నిజమనిపించడం ఇందులోని లాభం.

ధర సంగతి సుఖంగా లేదు. ఆటవస్తువుల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. నమూనా రైళ్లు కూడా ఆ పద్దులోకే వస్తాయి. అందువల్ల ఒకేసారి అన్నీ కొనడం కన్న, ధ్వని లేకపోయినా డీకోడర్ అమర్చే సాకెట్ ఉన్న ఇంజన్‌ను ముందు కొని, వీలు చిక్కినప్పుడు పలకనూ స్పీకర్‌నూ చేర్చడం తెలివైన పని. అమెరికాలో ఉన్న మేనమామ చేతో, బావమరిది చేతో తెప్పించుకునేవారు కంట్రోలర్ ఎడాప్టర్ మీద 230 వోల్టులకు కూడా పనిచేస్తుందని రాసి ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. 110 వోల్టులకే చేసినదాన్ని మన ప్లగ్గులో పెడితే మొదటి రోజే పొగ వస్తుంది, అదీ ఆల్కో పొగ కాదు.

మిగిలినది మన హారన్, మన ఎక్స్‌ప్రెసర్ చప్పుడు, మన షెడ్లలో ఏళ్ల తరబడి అరిగి వదులైన 251 యంత్రపు తూగు. వీటిని ఎవరో ఒకరు రికార్డు చేసి డీకోడర్‌లోకి ఎక్కించాలి. కదిలే బండి దగ్గర నిలబడి తీసిన రికార్డు ఇందుకు పనికిరాదు. చక్రాల చప్పుడు, జనం కేకలు కలిసిపోతాయి. డీజిల్ షెడ్లలో మరమ్మతు ముగిసిన ఇంజన్‌ను లోడ్‌బాక్స్ పరీక్షకు నిలబెడతారు. ఇంజన్ ఉన్నచోటనే ఉండి, తాను పుట్టించిన విద్యుత్తును నిరోధకాలలో ఖర్చుచేస్తూ, ఒక్కొక్క నాచ్ ఎక్కుతుంది. ధ్వని సేకరించేవారికి అంతకన్న అనువైన సమయం లేదు. రైల్వే అధికారుల అనుమతి తీసుకోవాలి. గాలి చప్పుడు చొరబడకుండా మైకుకు ఊలు తొడుగు వేయాలి. రేడియేటర్ ఫ్యానుకు ఎదురుగా నిలబడకూడదు. చల్లని ఇంజన్ స్టార్టవడం, అయిదు నిమిషాల ఐడిల్, ఆపైన ఎనిమిది నాచ్‌లలో ఒక్కొక్కటి అర నిమిషానికి తగ్గకుండా, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. హారన్ విడిగా, చివరకు యంత్రం ఆగిపోతూ విడిచే ఆఖరి నిట్టూర్పు.