24 విగ్రహాలు, 38 పేజీలు, ఒక్క రాత్రి: వర్డ్‌లో పారాగ్రాఫ్ ఫార్మాటింగ్ స్పీడ్‌గా చేయడం ఎలా?

"ఎంఎస్ ఆఫీస్ వచ్చు" అని మన రెజ్యూమెల్లో దాదాపు అందరం రాస్తాం. నేనూ రాశాను. బీటెక్ అయిపోయింది, సాఫ్ట్‌వేర్ జాబ్ వచ్చింది, రోజూ కోడ్ రాస్తున్నాను. కానీ నాకు వర్డ్ రాదని పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆళ్లగడ్డలో తెలిసింది.

మాది నంద్యాల. అమ్మవాళ్ల ఊరు ఆళ్లగడ్డ, బస్సెక్కితే గంట ప్రయాణం. ఆళ్లగడ్డ అంటే రాతి విగ్రహాలు. రోడ్డు పక్కన షెడ్లు, ఉలి చప్పుడు, తెల్లటి రాతి దుమ్ము. మా మామ కూడా శిల్పే.

నేను వెళ్లిన రోజు సాయంత్రం మామ నా ముందు లాప్‌టాప్ పెట్టినాడు. "అల్లుడూ, ఇది పొద్దున్నకల్లా కావల్ల" అన్నాడు. ఒక గుడి కమిటీకి పంపాల్సిన కొటేషన్ అది. 24 విగ్రహాలు. ఒక్కోదానికి పేరు, రాయి రకం, ఎత్తు, పీఠం కొలత, ధర, ఇచ్చే గడువు, కింద ఒక పేరా వివరణ. మొత్తం 38 పేజీలు. కమిటీలో పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి అక్షరం పెద్దదిగా ఉండాలి, ఒక్కో విగ్రహం కొత్త పేజీలో మొదలవ్వాలి అని కబురు వచ్చింది. పొద్దున పదికి ప్రింట్, పీడీఎఫ్ రెండూ అందాలి. ఈ ఆర్డర్ వస్తే షెడ్డులో పనిచేసే ఆరుగురికి ఎండాకాలం దాకా పని ఉంటుంది.

టైప్ చేసింది మా మరదలు. "టైపింగ్ అంతా అయిపోయింది బావా, నువ్వు సైజు పెంచితే చాలు" అంది.

సైజు పెంచడమే కదా అనుకున్నాను. మౌస్‌తో సెలెక్ట్ చెయ్, సైజు మార్చు, సెంటర్ చెయ్, తర్వాతిదానికి వెళ్లు. నలభై నిమిషాల్లో ఐదు విగ్రహాలు అయ్యాయి. అప్పుడు కిందికి స్క్రోల్ చేసి చూస్తే అంతా చిందరవందర. మూడో పేజీలో సైజు పెంచితే పదకొండో పేజీలో విగ్రహం పేరు పేజీ చివరికి దిగిపోయింది, వివరాలేమో పక్క పేజీకి పోయాయి. ఎందుకంటే కొత్త పేజీ కావాల్సిన ప్రతిచోటా మరదలు ఎంటర్ కొట్టుకుంటూ పోయింది. కోలన్లు ఒకే వరసలో రావడానికి స్పేస్ బార్ వాడింది.

తనని అనడానికి నాకు నోరు లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి మా బ్యాచ్ నలుగురం చేసింది కూడా అదే. బైండింగ్ కోసం ఎడమ మార్జిన్ పెంచమన్నారని రాత్రంతా కూర్చున్నాం. విషయసూచికలో పేజీ నంబర్లు చేత్తో టైప్ చేశాం, అన్నీ తప్పు. మళ్లీ ప్రింట్ తీయించుకున్నాం, డబ్బులు మళ్లీ కట్టాం.

కొలత ముందు, ఉలి తర్వాత

మామ టీ ఇచ్చి, స్క్రీన్ చూసి, "ఒక్కోదానికి ఒక్కోసారి కొలత పెడతాండావేంది?" అన్నాడు. ఆయనకి వర్డ్ తెలీదు. కానీ పాయింట్ కరెక్ట్.

శిల్పులు తాళమానం అనే పద్ధతి వాడతారు. విగ్రహం ముఖం పొడవు ఒక తాళం. అందులో 12 భాగాలు, ఒక్కోటి ఒక అంగుళం. నవతాళం అంటే 108 అంగుళాల ఎత్తు. ఉత్తమ దశతాళం అయితే 124. ఇది మన ఇంచ్ టేప్ అంగుళం కాదు, ఆ విగ్రహం లోపలి నిష్పత్తి. మూడడుగుల బొమ్మ అయినా ఆరడుగుల బొమ్మ అయినా లెక్క అదే. ముఖం కొలత మారితే మిగతా కొలతలన్నీ దాన్ని బట్టి మారతాయి.

వర్డ్‌లో దీనికి సమానమైనది స్టైల్. మనలో కోడ్ రాసేవాళ్లకి ఇంకో ముక్కలో చెప్పొచ్చు: ఒక్కో పేరాని సెలెక్ట్ చేసి సైజు మార్చడం అంటే ఇన్‌లైన్ సీఎస్ఎస్ రాయడం, స్టైల్ అంటే క్లాస్. వెబ్ పేజీలో ఇన్‌లైన్ రాస్తే రివ్యూలో తిడతాం. వర్డ్‌లో మాత్రం ఏళ్ల తరబడి అదే చేస్తాం. పైగా ఇదేం కొత్త ఫీచర్ కాదు. 1983లో వచ్చిన మొదటి వర్డ్‌లోనే స్టైల్ షీట్లు ఉన్నాయి.

సరే అని అంతవరకు చేసిందంతా వదిలేసి, మరదలు ఇచ్చిన ఒరిజినల్ ఫైల్‌కి కాపీ తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను.

స్టెప్ 1: కనపడని గుర్తుల్ని చూడండి

కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కండి. ప్రతి ఎంటర్ దగ్గర ¶ గుర్తు, ప్రతి స్పేస్ దగ్గర చుక్క కనిపిస్తాయి. పేరా ఫార్మాటింగ్ అంతా, అంటే అలైన్‌మెంట్, ఇండెంట్, లైన్ గ్యాప్, ఆ ¶ గుర్తులోనే దాగి ఉంటుంది. అందుకే ఒక పేరాని సెంటర్ చేయడానికి దాన్ని మొత్తం సెలెక్ట్ చేయక్కర్లేదు. కర్సర్ అందులో ఎక్కడున్నా కంట్రోల్ + ఇ చాలు. ఎడమకి కంట్రోల్ + ఎల్, రెండు వైపులా సమానంగా కావాలంటే కంట్రోల్ + జె.

స్టెప్ 2: చెత్త ఊడ్చేయండి

కంట్రోల్ + హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ వస్తుంది. అందులో మోర్, తర్వాత స్పెషల్ నొక్కితే పారాగ్రాఫ్ మార్క్ ఉంటుంది. పై బాక్సులో రెండు పారాగ్రాఫ్ మార్కులు, కింద ఒకటి పెట్టి రీప్లేస్ ఆల్. మార్పులేమీ లేవని చెప్పేదాకా కొడుతూనే ఉండండి. రెండు స్పేస్‌లని ఒకటి చేయడం కూడా ఇలాగే.

కోలన్లకి చిన్న ట్రిక్. పై బాక్సులో స్పేస్, కోలన్. కింద బాక్సులో స్పెషల్ నుంచి ట్యాబ్ క్యారెక్టర్, కోలన్. స్పేస్‌లతో నెట్టిన చోటల్లా ఒక్కో ట్యాబ్ వచ్చి కూర్చుంటుంది. నాకు రెండు నిమిషాల్లో 38 పేజీలు 22 పేజీలయ్యాయి. అంటే మిగతా 16 పేజీలూ ఉత్త ఎంటర్లే!

స్టెప్ 3: హెడింగ్స్ అన్నీ ఒకేసారి పట్టుకోండి

ఇక్కడ నేనొక తప్పు చేశాను, మీరు చేయకండి. తొందరపడి ముందే ఫార్మాటింగ్ మొత్తం తీసేశాను. దాంతో విగ్రహాల పేర్లకున్న బోల్డ్ కూడా పోయింది, ఏది పేరో ఏది వివరమో కనుక్కోవడానికి దారి లేకుండా పోయింది. కంట్రోల్ + జెడ్ కాపాడింది.

సరైన ఆర్డర్ ఇది. ముందు ఒక విగ్రహం పేరు సెలెక్ట్ చేయండి. హోమ్ ట్యాబ్ కుడి చివర సెలెక్ట్ అని ఉంటుంది, అందులో సిమిలర్ ఫార్మాటింగ్ ఉన్న టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసే ఆప్షన్ నొక్కండి. అదే బోల్డ్, అదే సైజులో ఉన్న పేర్లన్నీ ఒక్కసారే సెలెక్ట్ అవుతాయి. కంట్రోల్ + ఆల్ట్ + 1 కొడితే అన్నీ హెడింగ్ 1 స్టైల్‌లోకి వెళ్తాయి. రెండు మూడు తప్పించుకుంటే, ఒకదానికి స్టైల్ పెట్టి, తర్వాతిదాంట్లో కర్సర్ ఉంచి ఎఫ్4 కొట్టండి. చివరి పనిని అది రిపీట్ చేస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి.

ఇప్పుడు కంట్రోల్ + ఎ, తర్వాత కంట్రోల్ + క్యూ, తర్వాత కంట్రోల్ + స్పేస్. మొదటిది మొత్తం సెలెక్ట్ చేస్తుంది. రెండోది పేరాలకి చేత్తో పెట్టిన ఫార్మాటింగ్ తీసేస్తుంది, మూడోది అక్షరాలకి పెట్టింది తీసేస్తుంది. స్టైల్స్ మాత్రం అలాగే ఉంటాయి.

స్టెప్ 4: కొలతలు ఒక్కసారే పెట్టండి

స్టైల్స్ గ్యాలరీలో హెడింగ్ 1 మీద రైట్ క్లిక్, మోడిఫై, కింద ఫార్మాట్, పారాగ్రాఫ్. లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ ట్యాబ్‌లో 'పేజ్ బ్రేక్ బిఫోర్' టిక్ పెట్టండి. అంతే, 24 విగ్రహాలూ కొత్త పేజీల్లో మొదలవుతాయి. ఎంటర్ అవసరమే లేదు.

మామూలు పేరాలకి నార్మల్ స్టైల్‌ని మోడిఫై చేయండి. పేరాకి పేరాకి మధ్య గ్యాప్ కోసం ఎంటర్ కాదు, స్పేసింగ్ ఆఫ్టర్ దగ్గర 6 పాయింట్లు పెట్టండి.

రాయి, ఎత్తు, ధర లైన్లకి 'వివరం' అని కొత్త స్టైల్ చేసి, 5 సెంటీమీటర్ల దగ్గర ఒక ట్యాబ్ స్టాప్ పెట్టాను. ఈ లైన్లు వందకు పైనే ఉన్నాయి, ఒక్కోదానికి అప్లై చేయాలా? అక్కర్లేదు. మళ్లీ కంట్రోల్ + హెచ్. పై బాక్సులో ట్యాబ్, కోలన్. కింద బాక్సులో స్పెషల్ నుంచి 'ఫైండ్ వాట్ టెక్స్ట్', దాని ఫార్మాట్‌లో స్టైల్, 'వివరం'. రీప్లేస్ ఆల్ కొట్టగానే కోలన్లన్నీ ఒకే గీత మీదికి వచ్చాయి. పక్కనే చూస్తున్న మరదలు "నేను దీనికి మూడు రోజులు స్పేస్ కొట్టినాను బావా" అంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో సాధారణంగా కనిపించని విషయాలు మూడున్నాయి.

మొదటిది లైన్ స్పేసింగ్. 'ఎగ్జాక్ట్లీ' అని పెట్టి చిన్న నంబర్ ఇచ్చారంటే వత్తులు తెగిపోతాయి. "లక్ష్మీనరసింహ" అనే పేరులో వత్తులు కిందికి దిగుతాయి, గుడి పైకి లేస్తుంది. అహోబిలం పక్కనే ఉండి ఆ పేరు తెగ్గొట్టి ప్రింట్ చేస్తే మామ ఊరుకుంటాడా? 'మల్టిపుల్' పెట్టి 1.2, 1.3 మధ్య ఇవ్వండి. లేదా 'ఎట్ లీస్ట్' వాడండి.

రెండోది ఫాంట్. తెలుగుని వర్డ్ కాంప్లెక్స్ స్క్రిప్ట్‌గా చూస్తుంది. అందుకే స్టైల్‌లో సైజు మార్చినా తెలుగు కదలకపోతే, ఆ స్టైల్ ఫాంట్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే విడి భాగం చూడండి. ఫాంట్, సైజు అక్కడ కూడా మార్చాలి. ఫాంట్ విషయానికొస్తే విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు ఫ్రీగా దొరుకుతాయి.

మూడోది జస్టిఫై. తెలుగు పదాలు పొడుగు. వర్డ్ వాటిని లైన్ చివర విరవదు కాబట్టి మాటల మధ్య పెద్ద పెద్ద సందులు వస్తాయి. ఎడమ అలైన్‌మెంట్ ఉంచితే చదవడానికి హాయి.

వర్డ్ లేకపోతే?

గూగుల్ డాక్స్‌లోనూ హెడింగ్ 1కి కంట్రోల్ + ఆల్ట్ + 1. ఒక హెడింగ్‌ని మీకు నచ్చినట్టు మార్చి, స్టైల్ మెనూలో 'అప్‌డేట్ టు మ్యాచ్' కొడితే మిగతావన్నీ మారతాయి. ఫోన్‌లో డాక్స్ యాప్‌లో అయితే పైన ఉండే ఫార్మాట్ ఐకాన్ నొక్కి స్టైల్‌లోకి వెళ్లండి. లిబ్రె ఆఫీస్ ఫ్రీ, అందులో ఎఫ్11 కొడితే స్టైల్స్ ప్యానెల్ తెరుచుకుంటుంది, హెడింగ్ 1కి కంట్రోల్ + 1 చాలు.

పొద్దున ఎనిమిదికి ఫోన్

రాత్రి పదకొండులోపు పని అయిపోయింది. హెడింగ్స్ ఉన్నాయి కాబట్టి రిఫరెన్సెస్ ట్యాబ్‌లో ఒక క్లిక్‌తో విషయసూచిక కూడా వచ్చేసింది. అందరం పడుకున్నాం.

పొద్దున ఎనిమిదికి కమిటీ నుంచి ఫోన్. "అక్షరం ఇంకొంచెం పెద్దగా పెట్టండి." మామ ముఖం వాడిపోయింది. బస్సుకి ఇంకా గంట కూడా లేదు, డీటీపీ షాపు నంద్యాలలో.

నార్మల్ స్టైల్ తెరిచి 14ని 16 చేశాను. ఓకే కొట్టాను. డాక్యుమెంట్ మొత్తం మారింది. విషయసూచిక మీద కర్సర్ పెట్టి ఎఫ్9 కొడితే పేజీ నంబర్లు కూడా సర్దుకున్నాయి. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పీడీఎఫ్‌గా సేవ్ చేశాను. ఇది ముఖ్యం, ఎందుకంటే షాపు సిస్టమ్‌లో మన ఫాంట్ లేకపోతే పేజీలన్నీ కదిలిపోతాయి. పీడీఎఫ్‌లో ఆ భయం లేదు.

ఆర్డర్ వచ్చిందా అంటే, కమిటీ ఇంకా చెప్పలేదు. అది మామ చేతి పనిని బట్టి వస్తుంది, నా ఫాంట్ సైజుని బట్టి కాదు. కానీ కాగితం టైముకి అందింది, పెద్దవాళ్లు కళ్లజోడు సర్దుకోకుండా చదువుకోగలిగారు.

ఆ ఫైల్‌ని వర్డ్ టెంప్లేట్‌గా సేవ్ చేసి వచ్చాను. పోయిన వారం ఇంకో కొటేషన్‌ని మరదలు అందులోనే టైప్ చేసి పంపింది. తెరిచి కంట్రోల్ + షిఫ్ట్ + 8 కొట్టి చూశాను. ఒక్క ఎంటర్ కూడా ఎక్కువ లేదు.

మీ ప్రాజెక్ట్ రిపోర్టో, రెజ్యూమెనో ఒకసారి తెరిచి అదే షార్ట్‌కట్ కొట్టి చూడండి. చుక్కలు, ¶లు వరసగా బారులు తీరి ఉంటే, సబ్మిషన్ ముందు రాత్రి దాకా ఆగకుండా ఈ రోజే అరగంట కూర్చోండి.