అల్లం ఘాటు ఎక్కడి నుంచి వస్తుంది? రకమా, నేలా, తవ్వే నెలా?

మా దగ్గర అల్లం తీసుకున్నవాళ్లు కొందరు ఫోన్ చేసి "భలే ఘాటుగా ఉందండీ, ప్రకృతి సేద్యం కదా" అంటారు. ఇంకొందరు "ఘాటే లేదేంటండీ, నీళ్లలా ఉంది" అంటారు. రెండూ ఒకే మడిలో పండినవే. మే చివర నాటిన మడి అది. మొదటివాళ్లకు వెళ్లింది జనవరి చివర తవ్విన అల్లం, రెండోవాళ్లకు అక్టోబరులో తవ్వింది. వీడియోలో రెండు దుంపలూ విరిచి చూపించాను, విరుపులోనే తేడా తెలిసిపోతుంది.

మన గుంటూరు వాళ్లకు మిరపతో పోల్చి చెబితే సులువు. మిరపలో కారం క్యాప్సైసిన్‌ది. అది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది. పచ్చి అల్లంలో ఆ పని చేసేది జింజెరాల్. రెండూ రసాయనపరంగా చుట్టాలే. నాలుక మీద మంటను పసిగట్టే చోటు కూడా రెండింటికీ ఒకటే. మనం మాత్రం ఒకదాన్ని కారం అంటాం, ఇంకోదాన్ని ఘాటు అంటాం.

అల్లం ఐదారు నెలల్లో తవ్వితే తోలు పల్చగా, పీచు లేకుండా, నీరు నిండి ఉంటుంది. ఘాటు తక్కువ. ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పసుపెక్కి ఎండుముఖం పడుతుంది. అప్పటికి దుంప ముదిరి పీచు పడుతుంది, ఘాటూ నిలుస్తుంది. లేతది పనికిరాదని కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు పంచదార పాకంలో వేసే అల్లాన్ని కావాలనే లేతగా తవ్వుతారు. మన అల్లం పచ్చడికీ పెసరట్టుకీ మాత్రం ముదురుదే ఉండాలి, ఈ విషయంలో నేను రాజీపడను.

రకం తేడా కూడా చిన్నదేం కాదు. ఘాటు ఉండేది ఓలియోరెసిన్ అనే జిగురు పదార్థంలో. కోజికోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ లెక్కల్లో మహిమ రకంలో అది 4.5 శాతం, వరదలో 6.7, మారన్‌లో 10. మహిమ దుంప లావు, పీచు తక్కువ, చూడ్డానికి అందం. సంచి విప్పగానే బేరగాడి చెయ్యి దాని మీదకే పోతుంది. ఘాటు కోసం కొనేవాళ్లు దుంప సైజు చూడకండి.

ఇక ఎండబెడితే కథ మారుతుంది. శొంఠి అయ్యేటప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు రెండింతల పైనే. అదే అల్లాన్ని కూరలో ఉడికిస్తే కొంత జింజెరోన్ అవుతుంది, అందుకే మెత్తబడి కాస్త తీపి వాసన వేస్తుంది. శొంఠికి పైతోలు వెదురు బద్దతో పైపైనే గీకాలి. నూనె కణాలు తోలు కిందే ఉంటాయి, కత్తితో లోతుగా చెక్కితే వాసనంతా చెత్తలోకే. వంద కిలోల పచ్చి అల్లానికి ఇరవై కిలోలకు అటూ ఇటూగా శొంఠి వస్తుంది. అంటే పచ్చిది కిలో 60 రూపాయలు పలికే రోజున శొంఠి 300కి అమ్మితే సరుకు విలువే చేతికొస్తుంది. గీకిన కూలి, ఎండబెట్టిన కూలి మన నెత్తినే.

ఇప్పుడు అసలు చిక్కు. తెలుగు నేలల్లో అల్లం అంటే జహీరాబాద్ వైపు, లేదంటే పాడేరు, చింతపల్లి కొండవాలులు. మన నల్లరేగడి నీరు పట్టి ఉంచుతుంది, దుంపకుళ్లు తెగులుకి అంతకన్నా ఏం కావాలి? మేం కొల్లిపర వైపు ఒండ్రు నేలలో, అరటి నీడలో వేశాం. మీటరు వెడల్పు ఎత్తు మడులు, మధ్య కాలువలు. 20, 25 గ్రాముల విత్తన ముక్కలకు బీజామృతం పట్టించి, నాటిన రోజే ఆకుతో ఆచ్ఛాదన. మళ్లీ 45 రోజులకు, 90 రోజులకు. నీరు నిలిచే చేను ఉన్నవాళ్లు మాత్రం ఎన్ని జీవామృతాలు పోసినా అల్లం జోలికి పోవద్దు.

మిరప తీసిన చేలో అల్లం అసలు వద్దు. వంగ, టమాటా తర్వాత కూడా అంతే. వాటిని వాడగొట్టే రాల్‌స్టోనియా బ్యాక్టీరియా నేలలోనే ఉండిపోయి అల్లాన్నీ పడగొడుతుంది. ఎకరానికి ఆరు నుంచి పది క్వింటాళ్ల విత్తనం పడుతుంది, పోయిందంటే ముందు పోయేది ఆ డబ్బే.

ఘాటు మా సేద్యం వల్లే వచ్చిందని ప్యాకెట్ మీద రాయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను రాయను. మా సేద్యం వల్ల మందులు కొట్టని అల్లం వస్తుంది, నేల గుల్లగా ఉంటుంది. ఘాటు మాత్రం రకానిదీ, నెలలదీ. అందుకే ప్యాకెట్ మీద రకం పేరు, నాటిన నెల, తవ్విన నెల, ఈ మూడే వేస్తున్నాం.

ఆ నెలల దాకా ఆగడమే కష్టం. అక్టోబరులో రేటు ఎక్కినప్పుడు బేరగాడు గట్టు మీదకే వస్తాడు. ఆగితే బరువూ పెరుగుతుంది, ఘాటూ వస్తుంది. కానీ మనది తుపాన్ల కోస్తా, నవంబరులో ఒక్క వాయుగుండం వచ్చి మూడు రోజులు మడి మునిగితే ఏదీ మిగలదు. ఈసారి మేం పల్లపు వైపు మడులు పచ్చి అల్లంగా ముందే తవ్వేసి, మెరక మడులు మాత్రం జనవరికి ఉంచుతున్నాం. విత్తనానికి కూడా ఆ మెరక దుంపలే.